గోడలో తీగ, తీగలో పాట

మన కరెంటుకు ఒక శ్రుతి ఉంది. ఐదు శ్రుతికి పిసరంత పైన. హార్మోనియం మీద ఐదు అంటే పాశ్చాత్యుల ‘జీ’ మెట్టు. దాని మంద్ర షడ్జం సెకనుకు 98 కంపనాలు, ఆ పై షడ్జం 196. మన ఇళ్లకొచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తాలతో ఊగుతుంది. అది ఏ సందులోంచో ఆంప్లిఫయర్లోకి దూరితే 50 ఒంటరిగా రాదు, పిల్లల కోడిలా 100, 150, 200ని వెంటబెట్టుకుని వస్తుంది. సభ మొదలవకముందు బాకాల్లోంచి ‘గుయ్‌’మని వినిపించే ఆ మోత నిజానికి ఒక తంబూరాయే. కాకపోతే దాని బిరడాలు మన చేతిలో ఉండవు. అమెరికాలో కరెంటు ఆవృత్తి 60 కాబట్టి అక్కడి మోత ఆరున్నరకూ ఏడుకూ మధ్య ఎటూ కాకుండా వేలాడుతుంది. అక్కడ కచేరీలు పెట్టుకునే మనవాళ్లలో చెవి ఉన్నవాళ్లు ఆ తేడా ఇట్టే పట్టేస్తారు.

ఈ లెక్క నేను మొదటిసారి వేసింది ఒక కాలేజీ వార్షికోత్సవానికి ముందురోజు సాయంత్రం. ప్రార్థన గీతం మా మేనకోడలిది. ఆడిటోరియం చాలదని, వచ్చే తల్లిదండ్రుల కోసం లైబ్రరీ భవనం కింది హాల్లో కుర్చీలు వేయించారు. వేదిక మీది పాటా మాటా అక్కడికీ వినపడాలి. మైక్ సెట్ పెద్దాయన మధ్యాహ్నమంతా కష్టపడి చెట్ల కొమ్మల మీదుగా షీల్డు వైరు లాగి, ఇటు మిక్సర్‌ను అటు హాల్లోని రెండో ఆంప్లిఫయర్‌కు కలిపారు. పిన్ను మొన మీద బొటనవేలు ఆనించారు. బాకా ‘గుర్ర్‌’మంది. “లైను బతికే ఉంది” అన్నారు తృప్తిగా. వేదిక మీద ఎలక్ట్రానిక్ తంబూరాను ఐదు శ్రుతిలో పెట్టి, మైకు ముందు ఉంచి, పిల్ల ఇటు హాల్లోకి పరుగెత్తుకొచ్చింది. నిమిషంపాటు విని మొహం చిట్లించింది.

“మావయ్యా, తంబూరా కొట్టుకుంటోంది.”

నిజమే. 98, 100 పక్కపక్కన మోగితే ధ్వని సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతుంది. 196, 200 మోగితే నాలుగుసార్లు. తంబూరాలో ఏ లోపమూ లేదు. రెండో తంబూరాయే పిలవని పేరంటానికి వచ్చింది.

“ఎర్తు పిన్ను పీకేస్తే పోద్ది సార్, మేం ఎప్పుడూ చేసేదే” అన్నారు పెద్దాయన.

పోతుంది. ఒక్కోసారి మనిషి కూడా పోతాడు. పెట్టె లోపల ఎక్కడో ఇన్సులేషన్ తెగి 230 వోల్టులు రేకుకు తగిలాయనుకోండి. ఎర్తు ఉంటే ఫ్యూజు పోతుంది. ఎర్తు లేకపోతే ఆ కరెంటు మైకు పట్టుకున్న మనిషిలోంచి దారి వెతుక్కుంటుంది. వద్దని చెప్పి, ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం.

మోతకు మూలం రెండు ఎర్తు గోతులు. ఆడిటోరియానిది ఒకటి, లైబ్రరీది మరొకటి. పేరుకు రెండూ సున్నా వోల్టులే. కానీ ఫ్యాన్లు, ఏసీలు, మోటార్లు అన్నీ కొద్దికొద్దిగా ఎర్తులోకి కరెంటు కారుస్తూనే ఉంటాయి కాబట్టి ఆ రెండు సున్నాలూ ఎప్పుడూ ఒకటి కావు. మధ్యలో మనం లాగిన షీల్డు వైరు వాటిని కలుపుతుంది. ఆ తేడా కొద్దీ షీల్డులో సన్నటి కరెంటు పారుతూ ఉంటుంది. షీల్డు నిరోధం 3 ఓంలు, పారే కరెంటు 10 మిల్లీఆంపియర్లు అనుకుందాం. షీల్డు ఈ కొనకూ ఆ కొనకూ మధ్య 30 మిల్లీవోల్టులు పుడతాయి. మిక్సర్లోంచి వచ్చే పాట 300 మిల్లీవోల్టులు. అంటే పాటలో పదోవంతు మోతే. అసలు చిక్కంతా ఆ వైరు అమరికలో ఉంది. పాట వెళ్లేది నడిమి తీగలో, తిరిగొచ్చేది షీల్డులో. ఆ షీల్డే ఎర్తుల మధ్య కరెంటుకూ దారి. మంచినీళ్ల కాలవలోకే మురుగు వదిలినట్టు.

ఇంకా దళసరి షీల్డున్న వైరు తెస్తే? మైక్ సెట్ల వాళ్లలో, ఆ మాటకొస్తే చాలామంది ఇంజినీర్లలో కూడా, షీల్డు మీద అతి నమ్మకం ఉంటుంది. అడ్డు కట్టేది షీల్డే కదా అని. రేడియో తరంగాలకు, కరెంటు వైర్ల విద్యుత్ క్షేత్రానికి అది అడ్డే. కానీ 50 హెర్ట్జుల అయస్కాంత క్షేత్రం రాగి లోపలికి దాదాపు 9 మిల్లీమీటర్ల లోతు దాకా దిగుతుంది. కాగితంలాంటి రేకు, వెంట్రుకల్లాంటి తీగల అల్లిక దాన్ని ఆపడమంటే దోమతెరతో వానను ఆపడమే.

వానను ఆపలేనప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న టెలిఫోను పుట్టినప్పుడే ఎదురైంది. తంతి లైన్ల అలవాటు ప్రకారం మొదటి టెలిఫోన్లకూ స్తంభాల మీద ఒక్కటే తీగ ఉండేది. తిరుగు దారి భూమి. తంతికి ‘టక్కు’ వినపడితే చాలు కాబట్టి బాగానే నడిచింది. టెలిఫోనేమో అన్నీ వినే చెవి. పక్క స్తంభం మీద పోయే తంతి టకటకలు, ఉరుముల గరగరలు, తర్వాత్తర్వాత విద్యుద్దీపాల, ట్రాముల మోత, అన్నిటినీ మోసుకొచ్చేది. 1881 జులై 19న అలెగ్జాండర్ గ్రాహం బెల్‌కు దక్కిన 244,426 నంబరు అమెరికా పేటెంటు ఈ బాధకు విరుగుడు. భూమిని వదిలేయండి, రెండు తీగలు వాడండి, ఆ రెంటినీ ఒకదానితో ఒకటి పేనండి అంటుంది అది. పేనితే రెండూ పక్కనున్న మోతకు సమాన దూరంలో ఉన్నట్టే. రెంటిలోనూ ఒకే మోత పుడుతుంది. వినే పరికరం రెంటి తేడానే వింటుంది కాబట్టి ఆ మోత దానికి లేనట్టే. స్తంభాల మీద విడివిడిగా పోయే తీగలను పేనలేరు. అందుకని కొన్ని స్తంభాలకొకసారి రెండు తీగల చోట్లు అటూ ఇటూ మార్చేవారు. అదీ ఒక సాగదీసిన పేనుడే.

అదే 1881లో పారిస్‌లో విద్యుత్ ప్రదర్శన జరిగింది. క్లెమెంట్ ఆడెర్ అనే ఇంజినీరు ఒపేరా వేదిక అంచున 80 టెలిఫోను ట్రాన్స్‌మిటర్లు పెట్టి, ఊరి మురుగు సొరంగాల గుండా తీగలు లాగి, సుమారు రెండు కిలోమీటర్ల దూరంలోని ప్రదర్శనశాలకు పాట చేర్చాడు. వచ్చినవాళ్లు చెవికొకటి చొప్పున రెండు రిసీవర్లు పెట్టుకుని విన్నారు. గాయకుడు వేదిక మీద ఎడమ నుంచి కుడికి నడిస్తే ఆ నడక వాళ్లకు చెవుల్లో తెలిసింది. అది 1890లో చందాదారుల వ్యాపారంగా మారి 1932 దాకా నడిచింది. రేడియో పుట్టకముందే తీగలో కచేరీ ఉందన్నమాట. దాని దారి మాత్రం, నాకెంతో నచ్చిన సంగతి, కొత్తగా తవ్వింది కాదు. ఊళ్లో అప్పటికే ఉన్న సొరంగమే.

ఇక ఆ రెండు తీగల లోపలి సంగతి. బ్యాలెన్స్‌డ్ లైను అంటారు దాన్ని. బ్యాలెన్స్ అంటే తక్కెడే కాబట్టి తక్కెడతోనే చెప్పుకుందాం. ఆరుబయట తక్కెడ వేలాడదీశారు. వాన కురుస్తోంది. రెండు సిబ్బెల్లోనూ సమానంగా నీళ్లు పడుతున్నాయి. ముల్లు కదలదు. ఒక సిబ్బెలో తులం బంగారం వేస్తే ముల్లు ఆ తులాన్నే చూపిస్తుంది, ఎంత వాన పడినా సరే. బంగారం మన పాట, వాన ఆ మోత. తీగలను పేనడమంటే ఒక సిబ్బె చూరు కింద, ఒకటి ఆరుబయట ఉండకుండా చూడటం.

ఈ తక్కెడకు కోల ఉంటుంది. దాని రెండు చేతులూ సమానమైతేనే పై మాటలన్నీ నిజం. ఒక చెయ్యి గింజెడు పొడవైతే చాలు, వాన నీళ్లే బరువు చూపించడం మొదలెడతాయి. తీగల లెక్కలో ఆ చేతుల పొడవు ఏమిటంటే, ఒక్కో తీగకూ భూమికీ మధ్య ఉండే నిరోధం. ఖచ్చితంగా చెప్పాలంటే ఇంపిడెన్స్. పంపే కొనలోనూ, అందుకునే కొనలోనూ రెండు తీగలకూ అది ఒకేలా ఉండాలి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఒక తీగలో పాట, రెండో దాంట్లో దాని అద్దపు బింబం లాంటి తలకిందుల పాట ఉంటేనే బ్యాలెన్స్‌డ్ అని బోలెడు చోట్ల రాస్తారు, బొమ్మలు గీసి మరీ. అలా పంపితే నష్టం లేదు. కొంత లాభం కూడా. కానీ మోత కొట్టుకుపోవడానికీ దానికీ సంబంధం లేదు. బంగారమంతా ఒకే సిబ్బెలో వేసినా, అటు అరతులం చేర్చి ఇటు అరతులం తగ్గించినా, వాన వాటా మారదు కదా. చాలా మిక్సర్లలో ఒక తీగలోనే పాట ఉంటుంది. రెండో తీగను సరిగ్గా అంతే విలువగల రెసిస్టర్ ద్వారా నేలకు కట్టేసి ఉంచుతారు. అవీ నిక్కమైన బ్యాలెన్స్‌డ్ లైన్లే. జెన్సెన్ ట్రాన్స్‌ఫార్మర్స్ సంస్థ నడిపిన బిల్ విట్‌లాక్ అనే అమెరికా ఇంజినీరు ఈ మాటను ఏళ్ల తరబడి, విన్నవాళ్లకూ విననివాళ్లకూ, చెబుతూ వచ్చాడు. ఇది వీట్‌స్టన్ బ్రిడ్జి అంటాడు ఆయన. ఇంటర్‌లో ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నాలుగు చేతుల నిష్పత్తులు సమానమైతే గాల్వనోమీటరు ముల్లు సున్నా మీద నిలుస్తుంది.

చేతుల తేడా ఎంతలో ఎంత చేస్తుందో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. అందుకునే ఆంప్లిఫయర్ ఒక్కో తీగకూ 10,000 ఓంలు చూపిస్తోంది. పంపే కొనలో ఒక తీగకు 10 ఓంలు ఎక్కువున్నాయి. తుప్పుపట్టిన పిన్నో, సరిగా పట్టని సోల్డరో ఉంటే చాలు. 10,000లో 10, అంటే వెయ్యోవంతు మోత లోపలికి వచ్చేసినట్టే. డెసిబెళ్లలో 60. ఒక వోల్టు మోత వస్తే మిల్లీవోల్టు మిగులుతుంది. నిశ్శబ్దంగా ఉన్న హాల్లో అది వినపడుతుంది. ఇప్పుడు ఆంప్లిఫయర్ ముందు ఒక ట్రాన్స్‌ఫార్మర్ పెడదాం. మంచి ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్ట నేలకు ఎక్కడా అంటదు. 50 హెర్ట్జుల దగ్గర దానికీ భూమికీ మధ్య కోట్ల ఓంలుంటాయి. 5 కోట్లు అనుకుంటే, అదే 10 ఓంల తప్పు ఇప్పుడు 50 లక్షల్లో ఒక వంతు. పిన్ను తుప్పును సరిచేయలేదు, తీగ మార్చలేదు. తక్కెడ చేతులు ఎంతో పొడవయ్యాయి కాబట్టి గింజెడు తేడా లెక్కలోకి రాకుండా పోయింది, అంతే. ట్రాన్స్‌ఫార్మర్ చేసే ఈ పనిని చిప్పుతో చేయించే సర్క్యూట్‌కు విట్‌లాక్ 1996లో పేటెంటు తీసుకున్నాడు.

టెలిఫోను తీగ సంగీతానికి పనికొస్తుందని రేడియోవాళ్లు త్వరగానే కనిపెట్టారు. 1923 జనవరి 4న న్యూయార్క్ స్టేషన్ డబ్ల్యూఈఏఎఫ్ కార్యక్రమాన్ని టెలిఫోను లైను మీద బోస్టన్ స్టేషన్ డబ్ల్యూఎన్ఏసీకి పంపి రెండుచోట్లా ఒకేసారి ప్రసారం చేశారు. 1933 ఏప్రిల్ 27న ఇంకా పెద్ద సాహసం చేశారు. ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా తన ఊళ్లోనే వాయించింది. శ్రోతలేమో సుమారు 220 కిలోమీటర్ల అవతల వాషింగ్టన్‌లో, ఖాళీ వేదిక ముందు కూర్చున్నారు. మూడు మైకులు, మూడు టెలిఫోను మార్గాలు, మూడు స్పీకర్లు. ఆ బృందం అసలు నాయకుడు లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ ఆ రాత్రి దాన్ని నడిపించలేదు. వాషింగ్టన్‌లో మీటల ముందు కూర్చుని ధ్వని పెంచుతూ తగ్గిస్తూ ఉన్నాడు. ఆడియో లోకంలో ఈనాటికీ వినిపించే 600 ఓంలు, 0.775 వోల్టులు అన్న అంకెలు టెలిఫోను వారసత్వమే. 600 ఓంలలో ఒక మిల్లీవాటు ఖర్చు కావాలంటే కావలసిన వోల్టేజీ అది. మన ఆకాశవాణి కూడా స్టూడియో నుంచి ట్రాన్స్‌మిటర్‌కు, బయట జరిగే కచేరీల నుంచి స్టూడియోకు కార్యక్రమాలు పంపడానికి తంతి తపాలా శాఖ లైన్లు అద్దెకు తీసుకునేది.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. 1980లలో ఆఫీసుల గోడల్లో అప్పటికే టెలిఫోను కోసం వేసిన పేనిన తీగలుండగా మళ్లీ లావుపాటి కేబుళ్లు ఎందుకని కొందరికి అనిపించింది. 1990లో వచ్చిన టెన్-బేస్-టీ ప్రమాణం ఆ ఆలోచన ఫలితమే. ఇప్పటికీ నెట్‌వర్క్ పిన్ను చూడండి. ఎనిమిది కాళ్లు. ఆ ప్రమాణం వాడుకున్నది 1, 2, 3, 6. నడిమిన ఉన్న 4, 5 టెలిఫోనువి కాబట్టి, పాత కాపురస్తుణ్ణి లేపకుండా పక్కనుంచి సర్దుకుంది. అందుకే ఈ రోజుకీ నీలం జత నడిమి కాళ్ల మీద, మరో జత దాని చుట్టూ 3, 6 మీద కాళ్లు చాపుకుని ఉంటాయి. ఇంకో సంగతి. కంప్యూటర్లు, స్విచ్‌లలో నెట్‌వర్క్ సాకెట్ వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. పేనిన జత, రెండు కొనలా ట్రాన్స్‌ఫార్మర్లు, తేడాను మాత్రమే వినే చెవి. బెల్ బాణీ ఏమీ మారలేదు.

అందుకే నెట్‌వర్క్ కేబుల్లో పాట పంపడాన్ని కొందరు ‘జుగాడ్’ అంటే నేను ఒప్పుకోను. తీగ తన పుట్టింటికి వచ్చింది, అంతే. పైగా కంప్యూటర్ల చేతిలో పెరిగి మరింత పదునెక్కి వచ్చింది. క్యాట్-5 కేబుల్లో నాలుగు జతలుంటాయి: నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ. ఒక్కో జత పేనుడు ఒక్కో లెక్కలో ఉంటుంది, ఒకదాని మాట ఇంకోదానికి వినపడకుండా. నాలుగు జతలంటే నాలుగు పాటలు. తీగ మందం అరమిల్లీమీటరు. రెండు తీగల మధ్య కెపాసిటెన్స్ మీటరుకు 50 పికోఫారడ్ల చుట్టూ ఉంటుంది. మామూలు మైకు కేబుల్లో ఇది దాదాపు రెట్టింపు.

దూరాన్ని నిర్ణయించేది ఈ కెపాసిటెన్సే. తీగ పొడవునా చిన్న చిన్న తొట్లున్నట్టు, పంపే పరికరం ప్రతి ఊపుకూ వాటిని నింపి ఖాళీ చేయాలి. హెచ్చు స్వరాలకు ఆ పని త్వరగా జరగాలి, జరగకపోతే తాళాల ఖంగుమనే మెరుపు, ‘స’కారాలు మొద్దుబారతాయి. పంపే పరికరం నిరోధం 150 ఓంలు, కేబుల్ 160 మీటర్లు అయితే తీగ మందగించేది 1,30,000 హెర్ట్జుల పైన. మన చెవి 20,000తో సరి. కిలోమీటరు లాగినా కోత మొదలయ్యేది 21,000 దగ్గర, తీగ సొంత నిరోధం దాన్ని ఇంకాస్త కిందికి లాగుతుంది. అదే, 10,000 ఓంల అవుట్‌పుట్ ఉన్న ఓ చవక పరికరాన్ని 160 మీటర్ల షీల్డు వైరుకు తగిలిస్తే వెయ్యి హెర్ట్జుల దగ్గర్నించే పాట ముసుగేసుకుంటుంది. లైను చివర 600 ఓంల రెసిస్టర్ పెట్టాలన్న పాత నియమం కూడా ఇక్కడ అక్కర్లేదు. తీగలో సంకేతం సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. 20,000 హెర్ట్జుల దగ్గర కూడా దాని తరంగదైర్ఘ్యం పది కిలోమీటర్లు. కాలేజీ ఆవరణ దాని ముందు ఎంత?

మెట్ల మీద కూర్చున్నప్పుడు నా కంట పడింది హాలు గోడకున్న నెట్‌వర్క్ సాకెట్టే. నెట్‌వర్క్ చూసే కుర్రాణ్ణి పిలిచి అడిగాం. హాలు నుంచి ర్యాక్ గదికి 75 మీటర్లట, ర్యాక్ నుంచి ఆడిటోరియం కంట్రోల్ గదికి 85. కంప్యూటర్ల లెక్కలో ఒక దూకుకు వంద మీటర్లే హద్దు కాబట్టి వాటి మధ్య స్విచ్ పెట్టె ఉండాలి. పాటకు ఆ బాధ లేదు. ప్యాచ్ ప్యానెల్ మీద ఈ సాకెట్‌నూ ఆ సాకెట్‌నూ జానెడు ప్యాచ్ కార్డుతో నేరుగా కలిపేస్తే 160 మీటర్ల ఏకతీగ అవుతుంది. స్విచ్‌కు మాత్రం తగలకూడదు. స్విచ్ కొన్ని కేబుళ్లలో కరెంటు కూడా పంపుతుంది, కెమెరాల కోసం. పద్ధతైన పరికరమైతే ముందు అవతల 25,000 ఓంల గుర్తు ఉందా అని తడిమి చూసి గానీ కరెంటు వదలదు. చవక ఇంజెక్టర్లు అడగవు, పెట్టవు, తోసేస్తాయి. మిక్సర్ అవుట్‌పుట్ మాడిపోతుంది.

ఈ కరెంటు పంపే కిటుకు కూడా తక్కెడదే. ఒక జతలోని రెండు తీగల్లోనూ సమానంగా కరెంటు పంపితే, తేడాను మాత్రమే వినే చెవికి అది వినపడదు. కావాలని కురిపించిన వాన అన్నమాట. టెలిఫోనువాళ్లు రెండు జతల మీద మూడో సంభాషణను ఇలాగే ఎక్కించి దానికి ఫాంటమ్ సర్క్యూట్ అని పేరు పెట్టారు. మైకులకు అందే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ దాని వారసురాలు. 1966లో జర్మనీ న్యూమన్ సంస్థ నార్వే రేడియో కోసం ఆ మైకులు చేసినప్పుడు, చీకటి శీతకాలాల్లో అత్యవసర దీపాలకని ఆ స్టూడియోల్లో అప్పటికే 48 వోల్టుల సరఫరా ఉందని ఆ అంకె ఖాయం చేశారట. అక్కడా ఉన్నదాన్నే వాడుకున్నారు.

టౌన్లోని ఎలక్ట్రానిక్స్ షాపు నుంచి ఒకటికొకటి నిష్పత్తి ఉన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తెప్పించాం. ఒక్కోటీ అగ్గిపెట్టెంత. పాత ప్యాచ్ కార్డును సగానికి కోసి, ఒక్కో ముక్కకు ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ అతికించే పని నేను మీద వేసుకున్నాను. చులాగ్గా అయిపోతుందనుకుని, పిన్నులో పక్కపక్కనున్న 3, 4 కాళ్లు పట్టుకున్నాను. కలిపి చూస్తే మోత తగ్గింది గానీ పోలేదు, కొత్తగా ఓ కీచుమనే సన్నటి ధ్వని చేరింది. పెద్దాయన నా మీద జాలిపడి కేబుల్ కొన చేతిలోకి తీసుకుని, రంగులు చూసి, “ఇది ఈ జంటలోది, ఇది ఆ జంటలోది గదా సార్. మొగుడొకింటిది, పెళ్లాం ఒకింటిది” అన్నారు. పుస్తకాల్లో దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు. రెండు తీగలూ ఒకే తొడుగులో ఉన్నా ఒకదానితో ఒకటి పేనుకుని లేవు. ఒకటి చూరు కింద, ఒకటి వానలో. పైగా తమ అసలు జోడీల కబుర్లన్నీ మోసుకొస్తాయి. విప్పి, 4, 5 మీది నీలం జత పట్టుకున్నాను. 1990లో టెలిఫోను కోసం వదిలిపెట్టిన కాళ్లే అవి.

ఆ కేబుల్‌కు షీల్డు లేదు. లేకపోవడమే మేలైంది. రెండు ఎర్తులూ కలిసే దారి మూసుకుపోయింది. ఎర్తు పిన్నులు ఎక్కడివక్కడే భద్రంగా ఉన్నాయి. షీల్డున్న కేబులైతే దాని కొనను పరికరం రేకు పెట్టెకు కట్టాలి, లోపలి సర్క్యూట్ నేలకు కాదు. ఈ తప్పును నీల్ మన్సీ అనే ఇంజినీరు 1995లో ‘పిన్ 1 సమస్య’ అని పేరు పెట్టి చూపించేదాకా పేరున్న కంపెనీలే చేస్తూ వచ్చాయి. మైకు తీగను మాత్రం నేరుగా ఇంత దూరం పంపకూడదు. మైకు ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులు, మిక్సర్ దాటాక అది వందల మిల్లీవోల్టులు. వానతో పోటీకి తులం బంగారం ఉండాలి, గురిగింజ కాదు. ఇంకో హెచ్చరిక పిడుగుల గురించి. రెండు భవనాల మధ్య రాగి తీగ ఉండటమంటే దగ్గర్లో పిడుగు పడ్డ రోజు రెండు ఎర్తుల మధ్య వేల వోల్టులకు దారి ఇచ్చినట్టే. ట్రాన్స్‌ఫార్మర్ దానికి ఆగదు. శాశ్వతంగా వేసుకునేవాళ్లు భవనాల మధ్య ఆప్టికల్ ఫైబర్ వేసుకోవడమే మంచిది. ఈ రోజుల్లో డాంటే లాంటి డిజిటల్ పద్ధతులు ఒక్క కేబుల్లో వందల చానళ్లు పంపుతాయి. కాకపోతే వాటికి స్విచ్‌లు, గడియారాల పొందిక, చూసుకునే మనిషి కావాలి. ఒక ప్రార్థన గీతానికి రెండు అగ్గిపెట్టెలు చాలు.

అంతా కలిపేసరికి రాత్రి ఎనిమిదిన్నర. వేదిక మీద తంబూరా ఆపేసి ఉంది. హాల్లో పెద్దాయన ఆంప్లిఫయర్ నాబు మెల్లగా తిప్పారు. సగం. ముప్పావు. ఆఖరుకు పూర్తిగా. పైన ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. బాకా దగ్గర చెవి పెట్టి విన్నారు. వెనక్కి వచ్చి వైరు కదిపి చూశారు.

“లైను కట్టయినట్టుంది సార్.”

నాబు మొదటికి తిప్పించి, కిటికీలోంచి పిల్లకు చెయ్యూపాను. అది ఆడిటోరియంలోకి పరుగెత్తింది.